కొస తెగిన మాట: మన తెలుగును రికార్డు చేసేవాళ్లకూ, కోసేవాళ్లకూ

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర్లో ఉంటుంది. ఎవరు చేసినారు, ఎప్పుడు చేసినారు, చేసినారా లేదా, చెప్పే మనిషి కండ్లారా చూసిందా ఎవరో అనగా విన్నదా, ఇదంతా క్రియ కొసన రెండు మూడు అక్షరాల్లో ఇమిడి ఉంటుంది. మన ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం పక్క తెలుగులో ఆ కొస ఇంకా పొట్టి. ‘రాలేదు’ అనే చోట ‘రాలే’ అంటాము. ‘వచ్చింది’ అనే చోట ‘వచ్చె’ అంటాము. ‘కట్టాము’ అనే చోట ‘కడితిమి’ అంటాము. ఆ పొట్టి కొస తెగితే ఉత్త మాటే కాదు, సాక్ష్యం తెగిపోతుంది.

ఈ మధ్య పల్లెల్లో మైకు పెట్టి వార్తా కథనాలు చేసేవాళ్లు పెరిగినారు. పాడ్‌కాస్టులు, యూట్యూబు కథనాలు, ఫోనులో తీసిన ముఖాముఖీలు, అన్నీ వస్తా ఉండాయి. సంతోషమే. మన మాట నలుగురికీ వినపడుతోంది. అయితే అట్లా వచ్చిన వాటిని యాస చరిత్ర మీద ఆసక్తి ఉన్న చెవితో వింటే ఒక లోటు మళ్లీ మళ్లీ తగులుతుంది. రికార్డు చేయడంలో అంత తప్పు ఉండదు. కోయడంలో ఉంటుంది. వేరే భాషల కోసం, వేరే వాక్య నిర్మాణం కోసం పుట్టిన ఎడిటింగు అలవాట్లను అట్లే తెచ్చి మన మాట మీద పెడతా ఉండారు.

మనకు ఇది ఎందుకు పట్టల్ల

యాసల గురించి మనకున్న పెద్ద పని ‘మాండలిక వృత్తిపదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి పదాలు ఎత్తిన పని అది. కానీ 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మనం గీతకు ఇవతల ఉండిపోయినాము. అప్పటికి మనది సేలం జిల్లా. ధర్మపురి జిల్లా 1965లో విడివడింది. కృష్ణగిరి 2004లో దాంట్లోంచి విడివడింది. రాష్ట్రాన్ని హద్దుగా పెట్టుకొని చేసిన సర్వేకు మనం అందలేదు. అందులో ఎవరి దోషమూ లేదు. ఫలితం మాత్రం మనదే.

అందుకే ఇప్పుడు ఒక విచిత్రం జరుగుతోంది. భాషాశాస్త్రజ్ఞుడి కంటే ముందు విలేఖరి మన ఊరికి వస్తాడు. నీళ్ల గురించి, టమోటా ధర గురించి, సంఘం అప్పు గురించి అడగడానికి వస్తాడు. ఆయన తీసుకొనే పది నిమిషాల శబ్దమే రేపు మన తెలుగుకు మిగిలే ఆధారం కావచ్చు. ఆయనకు ఆ సంగతి తెలియకపోవచ్చు. తెలియజెప్పడం మన పని.

పాత కోత: పలక మీద చదివిన కథ

ఇది కొత్త బాధ కాదు. జార్జి గ్రియర్సన్ నడిపించిన భారత భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. మద్రాసు రాజధానిలో ఆ సర్వే ఊరూరా తిరగలేదు. తర్వాత ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో సర్వే కోసం గ్రామఫోను పలకలు చేసినారు. మద్రాసు పక్క కూడా చేసినారు, తెలుగు కూడా అందులో ఉంది. ఇవాళ చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఆ పలకలను ఎవరైనా వినొచ్చు. నూరేండ్ల కిందటి గొంతు అట్లా చేతికి అందడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ పలకల మీద ఎక్కువగా వినిపించేది బైబిలులోని తప్పిపోయిన కొడుకు కథ. అన్ని భాషల్లో ఒకే కథ ఉంటే పోల్చడం సులభమని ఆ పద్ధతి పెట్టుకున్నారు. పలక ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పడుతుంది కాబట్టి ఏం చెప్పల్లో ముందే సిద్ధం చేసుకోవల్ల. పోల్చేవాడికి ఇది సౌకర్యం. కానీ మాట్లాడే మనిషి అక్కడ మాట్లాడేవాడు కాలేడు, ఒప్పజెప్పేవాడు అవుతాడు. తన పొలం, తన కోపం, తన అప్పు ఆ కథలో ఉండవు. సొంత సంగతి చెప్పేటప్పుడు నోట వచ్చే ‘కడితిమి’, ‘పోతిమి’, ‘రాలే’ లాంటివి ఇంకొకరి కథను అనువాదంలో చదివేటప్పుడు ఎంతమటుకు వస్తాయి? అక్కడ కోత రికార్డు కాకముందే పడిపోయింది. ఏం మాట్లాడల్లో పైవాడు నిర్ణయించినాడు.

ఇప్పటి విలేఖరి కథ చదివించడు గానీ, ప్రశ్నతో అదే పని చేస్తాడు. ‘మీరు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యలు ఏమిటి?’ అని పుస్తకం భాషలో అడిగితే ఎదుటి మనిషి నిటారుగా కూచుంటుంది. టీవీలో విన్న తెలుగు వెతుక్కుంటుంది, లేకపోతే అరవానికి మారిపోతుంది. ‘నీళ్లకు యాడికి పోతారక్కా? ఎన్ని బిందెలు తెస్తారు?’ అని అడిగితే మాట దారిలో పడుతుంది. మనుషులు తమను ఎవరూ గమనించనప్పుడు ఎట్లా మాట్లాడతారో తెలుసుకోవల్ల, కానీ గమనించకుండా తెలుసుకోలేము: ఈ చిక్కును అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు విలియం లెబోవ్ యాభై ఏండ్ల కిందటే వివరంగా చెప్పినాడు. దానికి ఆయన వాడిన ఉపాయాల్లో ఒకటి, మనిషిని తన మాటతీరు మరిచిపోయేంతగా తన సొంత అనుభవంలోకి దింపడం. విలేఖరికి ఈ ఉపాయం సులభం, ఎందుకంటే ఆయన అడగడానికి వచ్చిందే అనుభవం గురించి.

నాలుగు కోతలు

ఇప్పుడు ఎడిటింగు బల్ల దగ్గరికి వద్దాం. ఒక వాక్యం తీసుకుందాం. ఎవరి ఇంటర్వ్యూ నుంచీ ఎత్తింది కాదు, మన ఊళ్లలో ఏ వీధిలోనైనా వినిపించగల మాట:

‘పై వీధికి నీళ్లు వచ్చెనంట, మాకు రాలే.’

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ అని అందరికీ తెలిసిందే. అందుకే జపాను సహాయంతో హొగేనకల్ తాగునీటి పథకం కట్టినారు, 2013లో మొదలైంది. కావేరి నీళ్లు ఏ వీధికి వచ్చినాయి, ఏ వీధికి రాలే అనేది ఇక్కడ ఊసుపోని మాట కాదు. పండ్లకూ ఎముకలకూ సంబంధించిన మాట. ఇప్పుడు ఆ వాక్యం మీద కోతలు ఎట్లా పడతాయో చూడండి.

మొదటిది ‘సైలెన్సు’ కోత. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దాన్ని దానంతట అదే తీసేసే మీట చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఒక మోతాదు కంటే శబ్దం తగ్గితే నిశ్శబ్దమని లెక్క కట్టి కోసేస్తుంది. తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివరి అచ్చు దగ్గర గొంతు దిగిపోతుంది. ‘రాలే’లో ‘లే’ దిగిపోతే మీట దానికీ నిశ్శబ్దానికీ తేడా పట్టలేదు. నాయిస్ తగ్గించే ఫిల్టరును గట్టిగా తిప్పినా ఇదే గతి. ‘వచ్చెనంట’లో ‘నంట’ నలిగితే విన్న కబురు చూసిన నిజం అయిపోతుంది. పై వీధికి నీళ్లు వచ్చినాయని ఆమె సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. ఆమె చెప్పింది అది కాదు. వచ్చినాయని ఊళ్లో అనుకుంటా ఉండారని చెప్పింది. వార్తలో ఈ రెంటికీ ఉన్న దూరం ఏ విలేఖరికీ చెప్పాల్సిన పని లేదు. ‘అంట’ అనే ఆ రెండక్షరాలు ఆమె పాటించిన పత్రికా ధర్మం. ఎడిటరు దాన్ని కోసేసినాడు.

రెండోది ‘వాయిస్ ఓవర్’ కోత. అసలు గొంతును మూడు నాలుగు సెకండ్లు వినిపించి, తగ్గించి, పైన అనువాదం చదవడం రేడియోలో పాత పద్ధతి. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి ఆ మూడు సెకండ్లలో సంగతి తెలిసిపోవచ్చు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. మూడు సెకండ్లకే గొంతు తగ్గిస్తే వినేవాడికి ‘పై వీధికి నీళ్లు’ మాత్రం మిగులుతుంది. అసలు కబురు అనువాదకుడి గొంతు కింద మునిగిపోతుంది. ఆయన సరిగా చెప్పినాడా లేదా అని తెలుగు తెలిసిన శ్రోత కూడా పట్టలేడు. దీనికి మందు సులభం: మొదలు తగ్గించినా పరవాలేదు, చివర పైకి లేపండి. అనువాదం ముగిసినాక అసలు మనిషి నోట క్రియ ఒక్కటైనా స్పష్టంగా వినిపించండి.

మూడోది ‘దిద్దుబాటు’ కోత. ‘అప్పు కడితిమి’ అంటే మన పక్క అప్పు తీర్చేసినామని. ఈ రూపం అలవాటు లేని ఎడిటరు దాన్ని ‘కడతాము’ అని విని కింద అక్షరాల్లో ‘అప్పు కడతాం’ అని వేస్తే, తీర్చేసిన ఆడమనిషి తెరమీద బాకీదారు అయిపోతుంది. ‘వచ్చె’ అంటే వచ్చింది. ‘వచ్చే’ అంటే ఇంక రాబోయేది. తేడా ఒక్క మాత్ర. పాఠం చూసి శబ్దాన్ని కోసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చినాయి. యంత్రం రాసిచ్చిన పాఠంలో వాక్యాన్ని కొట్టేస్తే శబ్దంలోనూ అది పోతుంది. యంత్రానికి మన రూపాలు తెలియకపోతే పాఠమే తప్పు. ఎడిటరు తప్పు పాఠాన్ని చూసి సరైన మాటను కోస్తాడు. ‘ఊఁ’, ‘ఆఁ’ లను తడబాటు కింద లెక్క కట్టి ఏరేసే మీట కూడా ఉంది. కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టే మనిషి ఉండల్ల అని మనకు తెలుసు. ‘ఊహూఁ’ అంటే కాదు అని కూడా తెలుసు. మీటకు తెలియదు.

నాలుగోది ‘కల్తీ’ కోత. మన మాటలో అరవం కలుస్తుంది, కొన్ని ఊళ్లలో కన్నడం కలుస్తుంది. హైదరాబాదు చెవికి అది కల్తీ. కానీ ఎక్కడ కలిసిందో చూడండి. ఇట్లాంటి మాట ఊహించుకోండి: ‘ఆఫీసుకు పోతి. నాళైక్కు వాంగ అనిరి. మళ్లా పోతి.’ ఆఫీసు మాట అరవంలో ఉంది, పోయిన మనిషి మాట తెలుగులో ఉంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినారో, ఎవరి భాషకు అధికారం ఉందో ఆ మూడు చిన్న వాక్యాలే చెప్తా ఉండాయి. దాన్ని ‘రేపు రమ్మన్నారు’ అని శుభ్రం చేస్తే సంగతి మిగులుతుంది గానీ సన్నివేశం పోతుంది. యాస చరిత్ర రాసేవాడికైతే రెండూ పోతాయి.

బాగా చేసినవాళ్లు

కోతే పాపం అని నేను అనడం లేదు. గంట మాటను పది నిమిషాలు చేయకుండా ఏ కథనమూ బయటికి రాదు. మాట తీరును నిలబెట్టే కోత కూడా ఉంది. ఇంగ్లండులో 1958 జూలై 2న బీబీసీ ‘జాన్ ఏక్సన్ బల్లాడు’ అనే కార్యక్రమం వినిపించింది. అదుపు తప్పిన రైలును ఆపబోయి 1957లో చనిపోయిన ఒక ఇంజను డ్రైవరు కథ అది. చార్లెస్ పార్కర్, యూవన్ మెకాల్, పెగీ సీగర్ కలిసి చేసినారు. అప్పటి అలవాటు ప్రకారమైతే రైలు కార్మికుల మాటలను రాసుకొని నటులతో చెప్పించల్ల. టేపులు విన్నాక ఆ మాటల లయ నటుల గొంతులో రాదని వాళ్లకు అర్థమైంది. కార్మికుల గొంతులనే, వాళ్ల యాసతోనే, పాటల మధ్య పెట్టినారు. అట్లాంటివి 1964 దాకా ఎనిమిది చేసినారు. ఆ కార్యక్రమాల్లో కోత చాలా ఉంది, కొన్నిచోట్ల ఒక్కో మనిషికి ఒక్క వాక్యమే మిగిలింది. అయినా ఆ వాక్యం ఆ మనిషిదే. లోటు లేదని కాదు. అంత చిన్న ముక్కలుగా కోస్తే ఎవరు ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినారో వినేవాడికి తెలియదు. వార్తా కథనంలో ఆ స్వేచ్ఛ పనికిరాదు.

మనకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. హేమా రాయిర్కర్, గీ పొయిత్వాఁ అనే ఇద్దరు పరిశోధకులు తిరగలి పట్టుకొని ఆడవాళ్లు పాడే మరాఠీ పాటలను ఏండ్ల తరబడి సేకరించినారు. లక్షకు పైగా పాటలు పోగైనాయి, వాటిల్లో కొన్ని వేలు శబ్దంగా కూడా రికార్డు అయినాయి. 2017 నుంచి వాటిని పి.సాయినాథ్ స్థాపించిన ‘పారి’ అనే గ్రామీణ పత్రిక విడతలుగా బయటపెడుతోంది. పాటతో పాటు దాని పాఠం, అనువాదం, పాడిన మనిషి కథ ఉంటాయి. నాకు ఇందులో నచ్చింది పెద్ద సంఖ్య కాదు. కథనమూ, దానికి మూలమైన శబ్దమూ ఒకే చోట ఉండటం. వినేవాడు విలేఖరి మాట నమ్మాల్సిన పని లేదు, తనే వినొచ్చు. మన పక్క టమోటా సంతలో, చింతపండు కొట్టే వసారాలో, సంగటి గెలికే పొయ్యి దగ్గర పలికే తెలుగుకు అట్లాంటి చోటు కావల్ల.

ఇంకొకటి కూడా చెప్పల్ల. మన తెలుగు ఒక్కటి కాదు. నాయుళ్ల ఇండ్ల తెలుగు, రెడ్ల తెలుగు, ఒడ్డెల తెలుగు, అరుంధతియుల తెలుగు వేరువేరు దారుల్లో వచ్చినాయి. మైకు పట్టుకొని ఊళ్లోకి వచ్చినవాడు మొదట పెద్ద వీధి పెద్దమనిషి దగ్గరికే పోతాడు. ఆయన తెలుగే ‘ధర్మపురి తెలుగు’ అని నిలిచిపోతుంది. మైకు ముందు ఎవరు కూచోలేదో వాళ్ల మాటకు పడిన కోతే అన్నిటికంటే పెద్ద కోత. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

ఏం చేయల్ల

విలేఖరులకు, మన ఊరి పిల్లల్లో ఫోను పట్టుకొని తిరిగే వాళ్లకు కొన్ని మాటలు.

మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండల్ల. పొలంలో గాలి తొడుగు లేకుండా రికార్డు చేయొద్దు. గాలి మోతను తర్వాత ఫిల్టరుతో తీయబోతే దాంతోబాటు మాట కొసలు పోతాయి. ఫోను కాల్‌ను రికార్డు చేసి సరిపెట్టుకోవద్దు. పాత పద్ధతి టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జుల దాకానే శబ్దాన్ని మోస్తుంది, ‘స’కారపు సారం చాలామటుకు అంతకు పైన ఉంటుంది. ఎవరు ‘స’ అంటారు, ఎవరు ‘శ’ అంటారు అని రేపు వెతికేవాడికి అందులో జవాబు సరిగా దొరకదు. వీలైతే ‘వేవ్’ ఫైలుగా, 48 కిలోహెర్ట్జుల్లో తీయండి. వాట్సాపులో పంపిన కాపీని మూలం అనుకోవద్దు.

మనిషి మాట ముగిసినాక వెంటనే ఆపొద్దు, ఇంకో రెండు సెకండ్లు వదలండి. కదలకుండా అర నిమిషం ఆ చోటి ఉత్త శబ్దాన్ని కూడా తీసుకోండి. కోడి, పంపుసెట్టు, దూరంగా పోయే బస్సు, ఏది ఉంటే అది. అతుకు పెట్టేటప్పుడు అది కింద పరిస్తే కొసలను గట్టిగా కోయాల్సిన అవసరం రాదు. ప్రశ్నను కూడా దాచిపెట్టండి, ఎందుకంటే జవాబు ఏ తెలుగులో వచ్చిందో ప్రశ్న ఏ తెలుగులో పోయిందో దాన్ని బట్టి ఉంటుంది. కోసిన ప్రతి ముక్కనూ ఆ ఊరి తెలుగు తెలిసిన ఇంకొకరికి వినిపించి, ‘ఇక్కడ ఏమన్నారు?’ అని అడగండి. ‘అంట’ ఉందా, ‘లే’ ఉందా, ‘తిమి’ ఉందా అని కొసలు చూడమనండి.

మాట్లాడిన వాళ్ల అనుమతి లేకుండా ఏదీ బయటపెట్టొద్దు. ఊళ్లో గొంతును బట్టే మనిషిని గుర్తు పడతారు, పేరు తీసేస్తే చాలదు. ఒప్పుకున్న వాళ్ల విషయంలో మూల శబ్దాన్ని, తేదీ, ఊరు, మాట్లాడిన వాళ్ల వయసుతో సహా చెరిపేయకుండా ఉంచండి. కథనం వారానికి పాతబడుతుంది. మూలం మాత్రం ఏండ్లు పోయేకొద్దీ విలువ పెరుగుతుంది.

చదివే మీకు ఒక పని. ఈసారి మన పక్క నుంచి ఒక కథనం వినిపిస్తే, దాంట్లో మన మనిషి వాక్యం కొసదాకా వినపడిందో లేదో గమనించండి. వినపడకపోతే చేసినవాళ్లకు మర్యాదగా రాయండి, ‘మీరు కోసింది మా క్రియ’ అని. మీ ఇండ్లలో పాత క్యాసెట్లు, ఫోన్లలో అవ్వల మాటలు ఉంటే వాటిని అట్లే, కోయకుండా, ఇంకో చోట కూడా దాచండి. వాటిల్లో ‘రాలే’ ఉంటుంది, ‘పోతిమి’ ఉంటుంది, మధ్యలో అరవం ఉంటుంది, ఊ కొట్టే మనమరాలి గొంతు ఉంటుంది. ఏదీ తీసేయొద్దు.